మొదలియారు తొట్టి, మా బావి

నీళ్లలో ఏదో తేడా ఉందని మొదట కనిపెట్టింది మా అత్త పచ్చయమ్మ. కనిపెట్టి మొట్టమొదట నన్నే తిట్టింది. కిరసనాయిలు దీపం తుడిచిన చేత్తో కుండ ముట్టుకున్నానని ఆమె అనుమానం. నా చేతులు ఆమె ముక్కు దగ్గర పెట్టి చూపించాను. చింతపండు వాసన తప్ప ఇంకేం లేదు. అయినా నమ్మకుండా కుండ బోర్లించి, బూడిదతో తోమి, బావికి పోయి మళ్లీ తోడుకొచ్చింది. ఆ నీళ్లకూ అదే వాసన. అప్పుడు గానీ నన్ను వదిలిపెట్టలేదు. వదిలిపెట్టింది కానీ, ఊరికే తిట్టానే అని మాత్రం అనలేదు. మా అత్త నోరు అలాంటిది. నాదీ తక్కువేం కాదు కాబట్టి మా ఇద్దరికీ బాగానే సాగేది.

ఐదో జార్జి రాజుగారి జూబిలీ అని గుడియాత్తం బజారంతా కాగితం జెండాలు కట్టిన ఏడాది అది. ఎండలు ముదిరి ఏట్లో ఇసక తప్ప ఏమీ మిగల్లేదు. మేము ఒడ్డెవాళ్లం. బావులు తవ్వడం, చెరువుకట్టలు పోయడం, రాళ్లు కొట్టడం మా పని. మగవాళ్లు తవ్వుతారు, ఆడవాళ్లం మోస్తాం. ఇంట్లో తెలుగు, బజారులో అరవం, కోపం వస్తే రెండూ కలిపి మాట్లాడతాం. వేలూరు రోడ్డు దిగువన, ఊరికి చిట్టచివర మా వీధి ఉండేది.

మా వీధికి ఉన్నది ఒకటే బావి. ఊళ్లో బావులకేం కరువు లేదు. మగ్గాల వీధిలో ఉంది, సావుకార్ల వీధిలో ఉంది, కోవెల వెనక ఉంది. వాటిని తవ్విందీ, రాతికట్టు కట్టిందీ మావాళ్లే. కానీ నీళ్లు పడి, పూజ చేసి, గిలక బిగించాక మేము ఆ గట్టు మీద కాలు పెట్టకూడదు. మా అత్త కాపురానికొచ్చిన కొత్తలో ఈ సంగతి తెలియక, తన మొగుడు తవ్విన బావే కదా అని మగ్గాల వీధిలో కడవ ముంచిందట. కడవ పగలగొట్టి పంపించారు. ఆ పంతంతో మా మామ కన్నప్ప వీధి చివర మాకంటూ బావి తవ్వాడు. పగలంతా ఊరివాళ్ల పని, పొద్దు వాలాక మా బావి పని. అత్త కడుపుతో ఉండి ఆ మన్నంతా మోసింది. ఆ కడుపులో ఉన్నవాడే నా మొగుడు ముత్తు. అందుకే ఆయన బుర్రలో కాస్త మన్ను ఉండిపోయిందని నేను ఆటపట్టించేదాన్ని.

ఆ బావి ఉంది కాబట్టే మేము ఆ ఊళ్లో ఉన్నాం. అది లేకపోతే గుడియాత్తంలో మాకు గుక్కెడు నీళ్లు పోసేవాళ్లు లేరు, మా వీధీ లేదు. ఈ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు.

వాసన రోజురోజుకూ ఎక్కువైంది. ఎవరో దీపం బుడ్డి జారవిడిచారేమో అనుకున్నాం. పేర్ణాంబట్టు తోళ్ల మండీ నీళ్లు ఇంతదూరం ఊరి వచ్చాయేమో అన్నారు కొందరు. మగ్గాల వాళ్ల రంగునీళ్లేమో అన్నారు ఇంకొందరు. అన్నం వండితే అన్నం ఆ వాసనే. పిల్లలు తేన్చితే కిరసనాయిలు బుడ్డి మూత తీసినట్టుండేది. ముందు నవ్వుకున్నాం. తర్వాత పిల్లలు కక్కడం మొదలుపెట్టారు, నవ్వడం మానేశాం. మామ బావిని అడుగంటా తోడించి, తనే దిగి రాళ్లు తోమాడు. మర్నాటికి కొత్త నీళ్లు ఊరాయి. వాటి మీద నెమలి మెడ రంగులు తేలుతున్నాయి. అంటే చెడు ఊటలోనే ఉంది.

అది ఏ వాసనో చెప్పినవాడు చిన్నప్పన్. అతను మొదలియారు మోటారు షెడ్డులో మిస్త్రీ. వాళ్ల తాత కాలంలో మా కులం నుంచే పోయి ఏసు మతంలో కలిశారు. మతం మారినా మాట మారలేదు, సగం తెలుగూ సగం అరవమూ మాలాగే మాట్లాడేవాడు. మామను అన్నా అని పిలిచేవాడు. వీధిలోకి వచ్చి, దోసిట్లో నీళ్లు తీసుకుని ఒకసారి వాసన చూసి, పారబోసి, చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు.

"ఇది మా షెడ్డు వాసన అన్నా. పెట్రోలు. తొట్టి కారతా ఉండాది," అన్నాడు.

శంకరన్ మొదలియారుకు వేలూరుకు తిరిగే బస్సులు ఉండేవి. షెడ్డు మా వీధికి ఎగువన, రోడ్డు పక్కన. మొదట్లో పెట్రోలు డబ్బాల్లో వచ్చేది. తర్వాత ఆయన గొప్పకు పోయి, మద్రాసు నుంచి పెద్ద ఇనపతొట్టి తెప్పించి నేలలో పూడిపించాడు. పైన చేతిపంపు పెట్టి, తిప్పితే పెట్రోలు వచ్చేట్టు చేశాడు. ఊరంతా వచ్చి చూసిపోయారు. ఆ తొట్టికి గొయ్యి తవ్వింది మా మామే. మన్ను మోసిన వాళ్లలో నేనూ ఉన్నాను. కొత్త కోడలిని, కాలికి మెట్టెలు ఇంకా కొత్తగా గుచ్చుకుంటున్నాయి. ఆ నేల చౌడునేల. చౌడు ఇనుమును తింటుందని మాకు తెలుసు. మా గడ్డపారలను ఇంటి వెనక మన్ను మీద పడేస్తే ఒక వానాకాలానికి తుప్పుపట్టి పెచ్చులు లేచేవి. అయినా అంత పెద్ద తొట్టిని కూడా తింటుందని మాకెవరికీ తోచలేదు. మద్రాసు ఇనుము వేరే ఇనుము అనుకున్నాం కాబోలు.

మామ మొదలియారు దగ్గరికి పోతే ఆయన విననే లేదు. తన తొట్టి కొత్తదని, నీళ్లు దేవుడిచ్చినవని, మా ఆడవాళ్లు బావి దగ్గర ఏమేం ఉతుకుతారో ఎవరికి తెలుసని అన్నాడట. మామ తలొంచుకుని వచ్చేశాడు. అత్త మాత్రం వీధి మలుపులో నిలబడి, షెడ్డుకు వినబడేట్టు ఆయన ఏడు తరాలనూ తలచుకుంది. మేము చెలమ నీళ్ల కోసం ఏట్లో ఇసక తవ్వుతూ ఆ నెల గడిపాం.

ఆ తర్వాత చిన్నప్పన్ కొలకర్ర తీసుకుపోయి మొదలియారుకు చూపించాడు. బస్సులు ఆగి ఉన్నా తొట్టిలో పెట్రోలు దిగిపోతోంది. మా కడుపుల్లోకి పోయినప్పుడు లేని తొందర, తన తొట్టిలోంచి పోతోందని తెలిసేసరికి ఆయనకు వచ్చింది. ఆ సాయంత్రమే మామకు కబురొచ్చింది. తొట్టి పైకి తీయాలి, మళ్లీ డబ్బాలే తెప్పించుకుంటాను అన్నాడు. మామ చేతులు కట్టుకుని నిలబడి, కూలి సంగతి ఎత్తకుండా ఒకటే అడిగాడు.

"తొట్టి తీస్తాము సామీ. దాని కింద చెడిపోయిన మన్ను గూడా తీయనీయాల. యాడిదాకా పొయ్యుంటే ఆడిదాకా. మాకు మా బాయి గావాల."

మొదలియారు సరి సరి అన్నాడు. సరి సరి అన్న మాట ఎంత తేలికో అప్పుడు మాకు తెలియదు.

చిన్నప్పన్ మాత్రం మా వీధికి వచ్చి, అందరినీ కూర్చోబెట్టి ఒక మాట గట్టిగా చెప్పాడు. గొయ్యి దగ్గర నెరుప్పు, నిప్పు అనేది కనబడకూడదు. బీడీ వద్దు, పొయ్యి వద్దు, ఏదీ వద్దు. చెప్పేటప్పుడు అతని చెవి మీద బీడీ ఉంది. అతను రోజూ ఆ పంపు పక్కన నిలబడే బీడీ కాల్చడం మా వీధి వీధంతా చూసింది. మావాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. అతనికీ సిగ్గేసి, బీడీ తీసి మొలలో దోపుకున్నాడు. చెప్పింది నిజమే. కానీ చెప్పినవాడు ఇన్నేళ్లూ దాన్ని లెక్కచేయలేదు కదా, మేమెందుకు భయపడాలి?

పైగా మొదటిరోజే ఇంకో ముచ్చట జరిగింది. మేము ఏ నేల మీద పార వేసినా ముందు గడ్డపారకు పసుపు రాసి, కుంకం పెట్టి, కర్పూరం వెలిగిస్తాం. కర్పూరం వెలిగించకుండా తవ్విన చోట రక్తం చూస్తామని మా నమ్మకం. మామ వెలిగించగానే చిన్నప్పన్ పరిగెత్తుకొచ్చి కాలితో తొక్కేశాడు. మామకు చాలా కోపమొచ్చింది. దేవుడి వెలుగును చెప్పుకాలితో తొక్కుతావా అని, జీవితంలో ఎవరినీ అనని మాటలన్నాడు. చిన్నప్పన్ దండం పెట్టి తప్పుకున్నాడు. మామ మళ్లీ వెలిగించాడు. కర్పూరం బుద్ధిగా కాలి ఆరిపోయింది. ఏమీ కాలేదు. ఆ తర్వాత చిన్నప్పన్ భయం మా మగవాళ్లకు వేళాకోళమైపోయింది.

తొట్టిలో మిగిలింది డబ్బాల్లోకి తోడేశాక చుట్టూ తవ్వాం. పైమన్ను మామూలు మన్నే. నడుము లోతుకు వచ్చేసరికి నల్లబడింది. తొట్టి అడుగుకు వచ్చేసరికి మన్ను మన్నులా లేదు, తడి బొగ్గులా ఉంది. చేత్తో పిండితే చెయ్యి చల్లగా మండేది. గంప తలకెత్తుకుంటే కారి చుట్టకుదురు తడిసి, జుట్టులోకి దిగేది. మధ్యాహ్నానికి ఆడవాళ్లందరికీ తలనొప్పి. కొందరికి ఊరికే నవ్వొచ్చేది, నవ్వి నవ్వి కక్కుకునేవాళ్లు. నాకైతే కల్లు తాగినట్టు కాళ్లు తేలిపోయాయి. అత్త నన్ను గట్టు మీద కూర్చోబెట్టి నా గంప కూడా తనే మోసింది. మోస్తూ నన్ను తిట్టింది. ఆ తిట్లు ఇప్పుడు తలుచుకుంటే నాకు ఏడుపొస్తుంది.

తొట్టి లేచిన రోజు మాత్రం పండగే. దూలాలు నిలబెట్టి, మోకులు కట్టి, ఎద్దులను పూన్చి, అరిచి అరిచి దాన్ని పైకి లాగారు. చౌడు దాని అడుగును జల్లెడ చేసింది. వేలు పెడితే లోపలికి దిగింది. మొదలియారు వచ్చి చూసి, మద్రాసు కంపెనీని తిట్టుకుంటూ పోయాడు. మామ దాన్ని చూడనుకూడా లేదు. గొయ్యి అడుగులోకే చూస్తున్నాడు. నల్లమన్ను అక్కడితో ఆగలేదు. దిగువకు, మా వీధి వైపు, ఒక చారలాగా పోతోంది.

ఆ చార వెంబడి తవ్వుతూ పోయారు. పొద్దు వాలుతుండగా గొయ్యి అడుగున ఉన్న ముత్తు పార వదిలేసి కూర్చున్నాడు. పిలిస్తే పలకలేదు. తర్వాత పక్కకు ఒరిగిపోయాడు. మామ ఊపిరి బిగబట్టి దిగి, చంకల కింద మోకు వేసి పైకి లాగించాడు. పైన గాలి తగిలాక కాసేపటికి కక్కుకుని కళ్లు తెరిచాడు. నేను ఆయన తల ఒళ్లో పెట్టుకుని ఏడుస్తున్నాను. మామ ఏడవలేదు. ముఖం మాత్రం మన్నురంగుకు తిరిగింది. ఆయనకు ఎవరు గుర్తొచ్చారో వీధిలో అందరికీ తెలుసు.

ఆయన తమ్ముడు ఒకడుండేవాడు. అణైకట్ దగ్గర ఒక పల్లెలో పాడుబడ్డ బావి పూడిక తీయడానికి పోయారు ఇద్దరూ. పాతబావుల్లో అడుగున చెడుగాలి నిలబడి ఉంటుంది. కంటికి కనబడదు, వాసన ఉండదు. అందుకే ముందు ముంతలో దీపం పెట్టి తాడుతో దించుతాం. దీపం వెలుగుతూ ఉంటే మనిషి దిగొచ్చు, ఆరిపోతే దిగకూడదు. మా కులంలో పాకే పిల్లకు కూడా తెలిసిన సంగతి ఇది. ఆ రోజు రైతు తొందరపెట్టాడని దీపం దించకుండా తమ్ముడు దిగాడు. పైకి తీసింది శవాన్ని. అప్పటి నుంచి మామ దీపం దించకుండా ఎవరినీ ఏ గోతిలోకీ దిగనీయలేదు. ఎందరో మనుషులు ఆ దీపం వల్ల బతికి ఇంటికి పోయారు. మొదలియారు గోతికి ఆ పని చేయకపోవడం తన తప్పే అని ఆయన ఆ సాయంత్రం పదేపదే అన్నాడు. కొత్తగా తవ్విన గొయ్యి కదా, చెడుగాలి ఎక్కడుంటుందిలే అనుకున్నాడట.

మర్నాడు పొద్దున్నే మామ ఇంట్లోంచి ముంత, ఆముదం, వత్తి తెచ్చుకున్నాడు. చిన్నప్పన్ లేడు, తొలి బస్సులో వేలూరు పోయాడు. రాత్రంతా కదలని గాలికి గొయ్యి నిండా వాసన పేరుకుని ఉంది. ముత్తు తలకు గుడ్డ చుట్టుకుని దిగడానికి సిద్ధంగా నిలబడ్డాడు. మామ వత్తి సరిచేస్తుంటే అత్త దగ్గరికి పోయింది.

"ఆ చిన్నప్పన్ నెరుప్పు వద్దనె గదా," అంది.

మామ తలెత్తి చూశాడు. "వాడు మోటారు తెలిసినోడు. గొయ్యి తెలిసినోణ్ణి నేను. గాలి చూడకుండా కొడుకును దించమంటావా?"

అత్త పక్కకు జరిగింది. అణైకట్ నుంచి మరిదిని బండిలో తెచ్చినప్పుడు ముఖం కడిగింది ఆమే. ఈ గాలికీ ఆ గాలికీ తేడా ఉందని, ఒకటి దీపాన్ని ఆర్పేదైతే ఇంకొకటి దీపం కోసం కాచుకున్నదని, మాకెవరు చెప్పారు? చిన్నప్పన్ వద్దన్నాడు గానీ ఎందుకో చెప్పలేదు. చెప్పడం అతనికీ తెలియదేమో.

మామ ముత్తును వెనక్కి, దూరంగా నిలబడమన్నాడు. నన్నూ అత్తనూ మన్ను కుప్ప అవతలికి పొమ్మన్నాడు. గాలి చూసేటప్పుడు అంచున ఒక్కరే ఉండాలి, ఎక్కువమంది ఉంటే అంచు విరుగుతుంది. అదీ మా పద్ధతే. దీపం వెలిగించి, ముంతకు తాడు కట్టి, ఒంగి, కళ్లు దాని మీదే పెట్టి నెమ్మదిగా వదిలాడు.

శబ్దం పెద్దది కాదు. బరువైన దుప్పటి ఒక్కసారి దులిపినట్టు వినిపించింది. గోతిలోంచి మంట నిలువునా లేచి మామ ముఖం మీదుగా పోయింది. ఆయన వెనక్కి పడ్డాడు. ఒంటి మీద గుడ్డలు లేవు, జుట్టు లేదు. ముత్తు చేతులతో మన్ను తోడి తండ్రి మీద పోశాడు. తొందరలో నల్లమన్ను కూడా పోశాడేమోనని తర్వాత చాలాకాలం నిద్రలో లేచి కూర్చునేవాడు. లేదు, మంచి మన్నే పోశాడు, నేను చూశాను. గొయ్యి ఆ పూటంతా మండుతూనే ఉంది.

మొదలియారు నిలబెట్టిన బస్సులోంచి జనాన్ని దించి, మామను ఎక్కించి వేలూరు పంపాడు. ఆ ఒక్క పని మేలు చేశాడు, కాదనను. అంతవరకూ మాలో ఎవరం ఆ బస్సు ఎక్కలేదు. అరిటాకుల మీద మామను పడుకోబెట్టాం. రోడ్డు మీద ప్రతి గుంతకూ అత్త ఆయన బదులు మూలిగింది. ఆయన మూలగలేదు.

వేలూరు పెద్దాసుపత్రిలో కళ్ల మీదుగా కట్టు కట్టారు. ఇక మందేమీ లేదని, నొప్పి తెలియకుండా చూస్తామని దొరసాని డాక్టరు అరవంలో మెల్లగా చెప్పింది. చిన్నప్పన్ ఎక్కడ విన్నాడో పరిగెత్తుకుంటూ వచ్చాడు. మంచం కాళ్ల దగ్గర నిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. నేను చెప్పాను కదా అని ఒక్కసారి కూడా అనలేదు. ఆ ఒక్కదానికే అతనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

మామకు స్పృహ ఉంది. ముందు ముత్తు ఉన్నాడా అని అడిగాడు. ముత్తు మాట్లాడితే విని, సరే అన్నట్టు వేళ్లు కదిపాడు. తర్వాత నీళ్లు అడిగాడు. ఆసుపత్రి నీళ్లు ఇవ్వబోతే నోరు తెరవలేదు.

"మన బాయి నీళ్లు," అన్నాడు.

మా అత్త నాకేసి చూసింది. బావి ఎలా ఉందో ఆ పొద్దున్నే ఇద్దరం చూసి వచ్చాం. వాసన పోలేదు సరికదా, రంగులు ఇంకా దట్టమయ్యాయి. ఆమె గిన్నె పట్టుకుని బయటికి పోయి, ఆసుపత్రి కుళాయి దగ్గర నింపుకుని వచ్చింది. వచ్చి ఆయన తల పక్కన కూర్చుంది. బతుకులో అబద్ధం చెప్పని మనిషి అని అనను, మొగుడితో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

"ముత్తు వచ్చేటప్పుడే తోడకచ్చినాడు. తాగు నాయనా, మన బాయివే," అంది.

మొగుణ్ణి ఆమె నాయనా అనడం నేను విన్నది అదొక్కసారే. మామ నోట్లో నీళ్లు ఉంచుకుని రుచి చూసి, గుటక వేశాడు. బావి తవ్విన ప్రతిసారీ మొదటి నీళ్లు అలాగే చూసేవాడు.

"వాసన పోయినాది," అన్నాడు.

ఇంకో గుక్క అడిగి తాగాడు. తెల్లవారేలోపు పోయాడు. నేను ఇది ఎన్నోసార్లు ఆలోచించాను. దీపం దించకపోతే ముత్తు దిగేవాడు, ముందురోజు లాగా పడిపోయేవాడు, ఈసారి లేచేవాడు కాదేమో. మామ దీపం నా మొగుణ్ణి కాపాడిందని ఒక మనసు అంటుంది. మా మామను తిన్నదీ ఆ దీపమే. రెండూ నిజమే. రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని బతకడం అలవాటైపోయింది, అంతే.

మామ దినవారాలు అయ్యాక ముత్తు, చిన్నప్పన్ కలిసి మొదలియారు దగ్గరికి పోయారు. నల్లచార ఇంకా తీయాల్సింది ఉంది. అది షెడ్డు గోడ కిందుగా పోయి, అటు నుంచి మా వీధికి దిగుతోంది. గోడ పక్కన తవ్వితేనే దాన్ని పట్టుకోగలం. మొదలియారు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, నిజంగానే పెట్టుకున్నాడు. తన నేల మీద ఒక మనిషి పోయాడని, ఇక అక్కడ పార పడనీయనని, గోడ కూలితే బస్సులు ఎక్కడ పెట్టుకోవాలని అన్నాడు. శాంతి చేయించి, ఏటి ఇసక తెప్పించి గొయ్యి పూడ్పించాడు. నల్లచార గోడ కిందే ఉండిపోయింది. కొన్నాళ్లు బస్సు మీద పీపాయిలో మాకు నీళ్లు పంపాడు. తర్వాత ఎప్పుడు మానేశాడో ఆయనకే గుర్తుండదు.

వానలు పడితే బావి కడుక్కుపోతుందని ఆశ పెట్టుకున్నాం. దీపావళి వచ్చే ఐప్పసి నెలలో మంచి వానలు పడ్డాయి. బావిలో నీళ్లు చేతికందేంత పైకి వచ్చాయి. నేలలో ఉన్నదంతా వాటితోపాటే వచ్చింది. ఒక ముసలమ్మ దాహానికి తాగి, కడుపు పట్టుకుని నెలంతా మంచం మీద పడింది. అప్పటికే కొన్ని ఇళ్లవాళ్లు సామాను కట్టుకుని పేర్ణాంబట్టు వైపు పోయారు.

ఇంకా ఆ తవ్విపోసిన నల్లమన్ను కుప్ప ఉంది కదా. అది షెడ్డు ముందు వాన నీళ్లకు కారి రోడ్డెక్కుతోందని, ఎత్తించమని మొదలియారు మనిషిని పంపాడు. తవ్విన మన్నుకు తవ్వినవాళ్లే పూచీ, అది మా కులం మాటే. దాన్ని తీసుకుని ఎక్కడికి పోతాం? ఏటి గట్టున పోయబోతే చాకలివాళ్లు అడ్డుపడ్డారు. పొలాల పక్కన పోయబోతే రైతులు కర్రలు తీసుకొచ్చారు. చెరువు కట్టకు వేద్దామని ఎవరో అంటే ముత్తు ఒప్పుకోలేదు, ఇంకో ఊరి నీళ్లు చెడతాయన్నాడు. ఆ మాటకు మా ఆయన బుర్రను ఇక ఎప్పుడూ వెక్కిరించకూడదనుకున్నాను.

చివరికి అందరి మనసులోనూ ఒకే చోటు మెదిలింది. మా బావే. మేము బావి తవ్వే వాళ్లం. బావి పూడ్చడం మాకు గర్భాన్ని చంపినంత పాపం. ఎంత సొమ్ము ఇస్తానన్నా మావాళ్లు ఏ ఊళ్లోనూ ఆ పని ఒప్పుకోలేదు. వీధి పెద్దలు బావి గట్టు దగ్గర కూర్చుని, తలలు దించుకుని, చుట్టలు కూడా ముట్టించకుండా ఉండిపోయారు. అప్పుడు మా అత్త ఇంట్లోంచి వచ్చింది. మామ పోయాక ఆమె ఎవరినీ తిట్టలేదు. వీధి మొత్తానికీ అదే ఎక్కువ భయంగా ఉండేది.

"సచ్చిపోయిన దాన్ని పూడ్చకుండా ఎన్ని దినాలు వాకిట్లో పెట్టుకుంటారప్పా?" అంది.

ఆమె గంప తీసుకుని షెడ్డు వైపు నడిచింది. నేను వెనకే పోయాను. ముత్తు వచ్చి పార అందుకుని, తల్లి గంప నింపాడు. నిండుగా వద్దని నేనంటే, నిండుగానే వెయ్యమంది. మోసుకొచ్చి గట్టు మీద నిలబడింది. ఆ గట్టు రాళ్లు ఒక్కొక్కటీ ఏ గుట్ట నుంచి వచ్చాయో ఆమెకు తెలుసు. లోపలికి చూడకుండా గంప వంచింది. తర్వాత నా గంప. తర్వాత వీధిలో ఉన్న ఆడవాళ్లందరివీ.

మన్ను నీళ్లలో పడిన శబ్దం మధ్యాహ్నం దాకా వినిపించింది. ఆ తర్వాత మన్ను మీద మన్ను పడిన శబ్దమే.